బంగారం కుదువపెట్టి థెరపీ ప్యాకేజీ కట్టాలా, ఉద్యోగం మానేసి ఊరెళ్లాలా? ఆటిజం ఉన్న బాబును ఒంటరిగా పెంచుతున్న ఒక తల్లికి జవాబు

మీరు రాసింది రెండుసార్లు చదివాను. తర్వాత చదివేవాళ్ల కోసం క్లుప్తంగా మళ్లీ చెప్తాను. ఉప్పల్ దగ్గర ఒక చిన్న పోర్షన్‌లో మీరు, మీ అమ్మగారు, అయిదున్నరేళ్ల బాబు ఉంటున్నారు. బాబుకి ఆటిజం అని మూడేళ్లప్పుడు తెలిసింది. మీ ఆయన వెళ్లిపోయి రెండేళ్లు, ఒక్క రూపాయి పంపడు, విడాకులు కాలేదు. మెడికల్ షాపులో బిల్లింగ్ పని, జీతం 16,000, పీఎఫ్, ఈఎస్ఐ పోను చేతికి 14,300. అద్దె 5,500. వారానికి నాలుగు సెషన్లు, సెషన్‌కి 600, అంటే నెలకి 9,600. అన్నయ్య 5,000 పంపుతున్నాడు. ఇప్పటికే లక్షన్నర గోల్డ్ లోన్, 60,000 చేబదులు ఉన్నాయి. ఇప్పుడు థెరపీ సెంటర్ వాళ్లు రోజుకి నాలుగు గంటలు, నెలకి 30,000 చొప్పున ఆరు నెలల ప్యాకేజీ చెప్పారు, ఒకేసారి కడితే 1,60,000కి ఇస్తామన్నారు. ఆరేళ్లు దాటితే ఇక మెదడు నేర్చుకోదని కూడా అన్నారు. మిగిలిన బంగారం పెట్టి అది కట్టాలా, లేక అన్నయ్య చెప్పినట్టు ఉద్యోగం మానేసి ఊరెళ్లి బాబును మీరే చూసుకోవాలా, ఇదీ మీ ప్రశ్న.

రెండూ వద్దు. బంగారం పెట్టొద్దు, ఉద్యోగం మానొద్దు. థెరపీ ఆపమని కూడా నేను అనడం లేదు, ఎందుకో చెప్తాను.

నేను డాక్టర్ని కాదు. మల్కాజిగిరి వైపు ఒక ట్యాక్స్ కన్సల్టెంట్ ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. మా వాడికిప్పుడు 21 ఏళ్లు. మూడేళ్లప్పుడు, 2007లో ఆటిజం అన్నారు. వాడికి అయిదేళ్లప్పుడు వాళ్ల నాన్న వేరే వెళ్లిపోయాడు. అంటే ఇప్పుడు మీరున్న చోట నేను సరిగ్గా పదహారేళ్ల కిందట ఉన్నాను. ఆ తర్వాత మాలాంటి తల్లిదండ్రులు కొంతమందికి కాగితాల పనుల్లో సాయం చేస్తూ వస్తున్నాను. కాబట్టి డబ్బు గురించి, కాగితాల గురించి మాత్రమే ధైర్యంగా మాట్లాడగలను.

ముందు నా తప్పు చెప్పుకుంటాను. మా నాన్న నా పేరున ఘట్‌కేసర్ దగ్గర 150 గజాల ప్లాటు కొనిపెట్టాడు. 2010లో వేరే రాష్ట్రంలో ఒక చోట ఏదో ట్రీట్‌మెంట్ ఇస్తున్నారని, పద్ధెనిమిది నెలల్లో మాటలు వచ్చేస్తాయని ఎవరో చెప్తే ఆ ప్లాటు అమ్మేశాను. మందులు, ప్రత్యేకమైన తిండి, నెలకోసారి రైలు ప్రయాణం, అక్కడ లాడ్జి ఖర్చు. పద్నాలుగు నెలలకి డబ్బు అయిపోయింది. వాళ్లేమో ఇంకో రెండేళ్లు పడుతుంది, ఇప్పుడు ఆపితే చేసిందంతా వృథా అన్నారు. ఆపేశాను, ఎందుకంటే అమ్మడానికి ఇంకేమీ మిగల్లేదు. ఆ ప్లాటు ఇప్పుడు ఎంత పలుకుతుందో ఎవరైనా చెప్పబోతే నేను లేచి వేరే గదిలోకి వెళ్లిపోతాను. నన్ను ఎవరూ కత్తి పెట్టి మోసం చేయలేదమ్మా. భయంలో ఉన్న తల్లికి ఒక గడువు చెప్పారు, అంతే. మీకూ అదే చెప్పారు.

ఆ ఆరేళ్ల గడువు సంగతి చూద్దాం. చిన్నప్పుడే మొదలుపెడితే మంచిదన్నది నిజం, దాంట్లో వాదన లేదు. కానీ ఆరో పుట్టినరోజు నాటికి తలుపు మూసేస్తారన్నది అమ్మకం మాట. మా వాడు తనంతట తాను 'ఆకలి' అన్నది తొమ్మిదో ఏట. షర్టు గుండీలు పెట్టుకున్నది పన్నెండో ఏట. ఇరవై ఏళ్లకి నేర్చుకున్నవీ ఉన్నాయి, పోయిన దసరాకి సెలవుల్లో పెసరట్టు తిప్పడం నేర్చుకున్నాడు. సగం అట్లు పొయ్యి మీదే పోయాయనుకోండి.

ఇక లెక్క. 1,60,000కి సంవత్సరానికి 12 శాతం వేసుకున్నా నెలకి వడ్డీయే 1,600. ఇప్పుడున్న లక్షన్నరకి 1,500. అంటే అసలు ఒక్క రూపాయి తగ్గకుండా నెలకి 3,100 వడ్డీ. మీ చేతికొచ్చే జీతంలో అయిదో వంతు కంటే ఎక్కువ. సరే, ఎలాగో కట్టారు అనుకుందాం. ఆరు నెలలయ్యాక ఏడో నెల ఏం చేస్తారు? రోజుకి నాలుగు గంటలకి అలవాటు పడిన పిల్లాడు ఒక్కసారిగా ఏమీ లేకుండా ఇంట్లో కూర్చుంటాడు. లేదా మీరు మళ్లీ అప్పు చేస్తారు. నేను చూసిన ఇళ్లలో ఎక్కువగా జరిగింది రెండోది. ఇది పదో తరగతి ట్యూషన్ కాదు, పరీక్ష అయ్యేదాకా కష్టపడి కట్టేస్తే అయిపోయిందనుకోవడానికి. అందుకే నా దగ్గరికి వచ్చే ప్రతి తల్లినీ నేను ఒకటే అడుగుతాను. ఈ ఖర్చును పదేళ్లు ఆపకుండా భరించగలవా? భరించగలిగేది ఎంతో అదే నీ థెరపీ బడ్జెట్. మీ విషయంలో అది 9,600 కూడా కాదు. అద్దె, థెరపీ కలిపితే 15,100, చేతికొచ్చేది 14,300. మీరు తింటున్నది అన్నయ్య డబ్బు, చేబదులు డబ్బు.

నేనైతే నాలుగు సెషన్లను రెండు చేస్తాను. కానీ ఒక షరతు మీద. సెషన్ జరిగేటప్పుడు మీరో, మీ అమ్మగారో లోపల కూర్చోవాలి. చాలా సెంటర్లలో తల్లిని బయట బెంచీ మీద కూర్చోబెట్టి, నలభై నిమిషాల తర్వాత పిల్లాడిని చేతిలో పెట్టి 'ఈరోజు బాగా చేశాడమ్మా' అంటారు. బయట కూర్చున్న తల్లి ఏం నేర్చుకుంటుంది? ఈ నెలలో ఏ రెండు విషయాల మీద పని చేస్తున్నారు, ఇంట్లో మేం ఏం చేయాలి అని అడిగి ఒక నోట్‌బుక్‌లో రాయించుకోండి. రాసివ్వం, లోపలికి రానివ్వం అంటే సెంటర్ మార్చండి. ఆ థెరపిస్టుకి రీహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉందా అని కూడా అడగండి. మొహమాటం అక్కర్లేదు, మెడికల్ షాపులో ఎక్స్‌పైరీ డేట్ చూడనిదే మీరు మందు అమ్మరు కదా. వారానికి ఒకటీ రెండు గంటల థెరపీ పిల్లాడిని మార్చేది, ఇంట్లో మిగతా గంటలన్నీ దాన్ని అందుకున్నప్పుడే. నీళ్ల గ్లాసు అందివ్వడానికి ముందు రెండు క్షణాలు ఆగి వాడు అడిగేదాకా చూడటం, తడి బట్టలు ఆరేసేటప్పుడు క్లిప్పులు వాడి చేత అందివ్వమనడం, ఇవి మీ అమ్మగారు చేయగలరు. మా అమ్మ చదువుకోలేదు. మా వాడికి రంగులు నేర్పింది ఆమే, కూరగాయల బుట్ట దగ్గర కూర్చోబెట్టి.

రెండు సెషన్లు తగ్గితే నెలకి 4,800 మిగులుతాయి. ఆటో ఖర్చు మీరు రాయలేదు కానీ వారానికి నాలుగు సార్లు సెంటర్‌కి అంటే అది కూడా రెండు వేల పైనే ఉంటుంది, అందులో సగం తగ్గుతుంది.

ఈ రాయని ఖర్చుల గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్లలో మునిగేది వీటి దగ్గరే. ఎవరైనా నెల ఖర్చు చెప్పమంటే అందరూ థెరపీ ఫీజు చెప్తారు. పిల్లాడు ఒకే కంపెనీ బిస్కెట్ తింటాడు, అదీ చతురస్రంగా ఉన్నదే, దానికి నెలకి ఎంతో రాయరు. డైపర్లు, చిరిగిన దుప్పట్లు, పగిలిన ఫోన్ స్క్రీన్, కిటికీకి వేయించిన గ్రిల్. రాత్రి గోల చేస్తున్నాడని ఓనర్ ఖాళీ చేయమంటే కొత్త అడ్వాన్స్, సామాన్ల ఆటో. నేను ఏడేళ్లలో అయిదిళ్లు మారాను. ఫంక్షన్‌కి వెళ్లలేక పంపే కట్నం డబ్బులు. బస్సులో అందరూ చూస్తారని ఎక్కిన ఆటోలు. ఇవన్నీ కలిపితే తడిసిమోపెడవుతుంది. ఒక నెల పాటు పాత క్యాలెండర్ వెనకాల ప్రతిదీ రాయండి, పది రూపాయలైనా సరే. తగ్గించమని కాదు. ఆ బిస్కెట్లు తగ్గిస్తే ఇల్లు నిలబడదని నాకూ తెలుసు. నెలకి నిజంగా ఎంత కావాలో తెలియకపోతే ఎవరితో అయినా, మీ అన్నయ్యతో గానీ కోర్టుతో గానీ, ఏ అంకె చెప్పి మాట్లాడతారు?

ఇప్పుడు ఉద్యోగం. మీ అన్నయ్య ప్రేమతోనే అన్నాడు, అనుమానం లేదు. కానీ ఆ 16,000 జీతం వెనక ఏముందో ఆయనకి తెలియదు, బహుశా మీకూ తెలియదు. మీకు ఈఎస్ఐ కట్ అవుతోంది కదా. జీతం 21,000 దాటని వాళ్లకి అది ఉంటుంది, మీ జీతంలోంచి పోయేది 0.75 శాతమే, అంటే 120 రూపాయలు. దానికి మీకూ, బాబుకీ వైద్యం దొరుకుతుంది. ఫిట్స్ మందులు, రక్త పరీక్షలు, పళ్ల డాక్టర్ లాంటివి బయట కొనకుండా డిస్పెన్సరీకి వెళ్లండి, పెద్దవాటికి సనత్‌నగర్ ఆసుపత్రి ఉంది. మీ అమ్మగారు మీ మీద ఆధారపడి ఉన్నారు కాబట్టి ఆమె పేరు కూడా కుటుంబ వివరాల్లో చేర్చవచ్చు. చేర్పించారా? ఆమె బీపీ మాత్రల డబ్బు మిగులుతుంది.

పీఎఫ్ సంగతి ఇంకా ముఖ్యం. సర్వీసులో ఉండగా సభ్యురాలికి ఏమైనా అయితే ఈడీఎల్ఐ అనే బీమా కింద గరిష్ఠంగా 7 లక్షల వరకు నామినీకి వస్తుంది. దానికోసం మీరు విడిగా ఒక్క పైసా కట్టక్కర్లేదు. పీఎఫ్‌తో పాటు ఉండే పెన్షన్ పథకంలో, సభ్యులు చనిపోతే పిల్లలకి 25 ఏళ్ల దాకానే పెన్షన్ ఇస్తారు. కానీ శాశ్వతంగా, పూర్తిగా వైకల్యం ఉన్న బిడ్డకి ఆ వయసు పరిమితి లేదు, జీవితాంతం ఇస్తారు. ఇప్పుడొక చేదు విషయం. విడాకులు కాలేదు కాబట్టి చట్టం దృష్టిలో ఆయన ఇంకా మీ భర్తే, ఆ పెన్షన్‌లో కుటుంబం అంటే ఆయన కూడా. రెండేళ్లుగా బిడ్డ మొహం చూడనివాడు రేపు ముందు వరసలో నిలబడతాడు. ఈ ఒక్క కారణానికైనా విడాకుల సంగతి తేల్చుకోండి, 'వస్తాడేమో' అని వాయిదా వేయకండి. ఈలోగా పీఎఫ్ ఆన్‌లైన్‌లో ఈ-నామినేషన్ తెరిచి ఎవరి పేరుందో చూసుకోండి. పెళ్లైన కొత్తలో రాసిందే ఉండిపోయిన వాళ్లని చాలామందిని చూశాను.

ఊరెళ్తే ఇవన్నీ పోతాయి. అక్కడ అద్దె ఉండదు, నిజమే. రెండేళ్ల తర్వాత మళ్లీ ఉద్యోగం వెతుక్కోవాల్సి వస్తే ఎవరిస్తారు? వదిన మంచిదే కావచ్చు, అయినా చేయి చాచి అడిగే ప్రతిసారీ మీరు కొంచెం తగ్గుతారు. నాకు తెలుసు, ఎనిమిది నెలలు ఉండొచ్చాను.

అన్నిటికంటే ముందు చేయాల్సింది చెప్పడం మర్చిపోతున్నాను. బాబుకి వైకల్య సర్టిఫికెట్ తీసుకోలేదని ఒక ముక్కలో రాసి వదిలేశారు, 'ఇప్పుడే ముద్ర ఎందుకని' అన్నారు. నేనూ అదే అనుకుని ఏడేళ్లు తీసుకోలేదు. అందరి రిటర్నులూ నింపేదాన్ని, వైకల్యం ఉన్న బిడ్డని పోషిస్తున్నందుకు ఆదాయపు పన్నులో నాకు రావాల్సిన 80డీడీ మినహాయింపు నేను వాడుకోలేదు. ఇంతకంటే సిగ్గుమాలిన విషయం ఉంటుందా? (మీ జీతానికి పన్నే లేదు కాబట్టి మీకది అక్కర్లేదు. పాత పన్ను విధానంలో ఉండే ఉద్యోగస్తులు ఇది చదువుతుంటే, వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే 75,000, 80 శాతం, ఆపైన ఉంటే 1,25,000 అని గుర్తుంచుకోండి. ఆటిజానికి దీనికోసం ఉన్న ఫారం డాక్టర్‌తో నింపించాలి. కొత్త విధానంలో ఇది రాదు.)

సర్టిఫికెట్ ముద్ర కాదు, తాళంచెవి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. 40 శాతం, ఆపైన ఉంటేనే చాలా పథకాలు వర్తిస్తాయి. మనవాళ్లు ఇప్పటికీ సదరం అంటారు, ఇప్పుడు యూడీఐడీ అనే వికలాంగుల గుర్తింపు కార్డు కోసం ఆన్‌లైన్‌లో పెట్టుకోవాలి, మీసేవలో అడిగినా పెడతారు. ఆసుపత్రిలో ఐశా అనే పరీక్ష చేస్తారు, 40 ప్రశ్నలు, వాడి ప్రవర్తన చూసి మార్కులు వేస్తారు, 70 పైన వస్తే ఆటిజం కింద లెక్క. ఆ రోజు ఒక పొరపాటు చేయకండి. మనకి అలవాటైపోయింది కదా, ఎవరైనా అడగ్గానే 'అన్నీ బానే చేస్తాడండీ, కొంచెం మాటలే లేటు' అని వాడిని వెనకేసుకొస్తాం. అక్కడ అలా చెప్పొద్దు. ఎక్కువ చేసి చెప్పక్కర్లేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. రాత్రి ఎన్నిసార్లు లేస్తాడు, చేయి కొరుక్కుంటాడా, రోడ్డు మీద పరిగెడతాడా, ఒక కాగితం మీద ముందురోజే రాసుకుని వెళ్లండి. ఫోన్‌లో రెండు వీడియోలు ఉంచుకోండి, ఎందుకంటే పిల్లలు సరిగ్గా ఆ రోజే బుద్ధిగా కూర్చుంటారు.

ఆ సర్టిఫికెట్ చేతికొస్తే తెలంగాణలో నెలకి 4,016 రూపాయల పెన్షన్‌కి దరఖాస్తు పెట్టొచ్చు. పట్టణాల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 2 లక్షల లోపు ఉండాలి. మీది 1,92,000, లోపలే ఉన్నారు. 2014లో ఆసరా మొదలైనప్పుడు ఇది 1,500 ఉండేది, తర్వాత 3,016 అయింది, 2023లో 4,016 చేశారు. ఆంధ్రాలో 2024 నుంచి 6,000 ఇస్తున్నారు. దరఖాస్తు పెట్టగానే వస్తుందని లెక్కలో వేసుకోకండి, కొత్తవి మంజూరయ్యేటప్పుడు ఎక్కువ రోజులు పడుతుంది. వచ్చినప్పుడు దాంతో థెరపీ చాలావరకు నడుస్తుంది, అప్పటిదాకా లేనట్టే అనుకోండి.

రెండోది నిరామయ. నేషనల్ ట్రస్ట్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ వాళ్ల ఆరోగ్య బీమా. ఆటిజం ఉన్నవాళ్లకి ముందు మెడికల్ టెస్టులు లేకుండా ఏడాదికి లక్ష రూపాయల దాకా కవర్ ఇస్తుంది. తెల్లకార్డు ఉంటే చేరడానికి 250 రూపాయలు, లేకపోతే 500. ఆసుపత్రిలో చేరితేనే కాదు, ఓపీ ఖర్చులు, థెరపీ బిల్లులు కూడా పెట్టుకోవచ్చు, అదే దీని గొప్పతనం. మామూలు ఆరోగ్య బీమాలు థెరపీ అనగానే మొహం తిప్పుకుంటాయి. అయితే లక్షా థెరపీకే ఇవ్వరు, ఒక్కో ఖర్చుకి లోపల పరిమితులున్నాయి. బిల్లు అసలు కాగితాలు, డాక్టర్ రాసిన చీటీ తప్పనిసరి. మీ సెంటర్ వాళ్లు ఇప్పటిదాకా తెల్లకాగితం మీద సంతకం పెట్టి ఇస్తుంటే ఇవాళ్టి నుంచి నంబరున్న రసీదు అడగండి. బిల్లు ఇవ్వాలంటే ఫీజు ఎక్కువ అంటారు కొందరు. అలాంటి చోట మీ పిల్లాడి నోట్‌బుక్ కూడా సరిగ్గా ఉండదు, నా అనుభవం.

ఇక ప్యాకేజీ బదులు ఏం చేయాలంటే, బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌కి వెళ్లండి. పాతవాళ్లు ఎన్ఐఎంహెచ్ అంటారు, ఇప్పటి పేరు ఎన్ఐఈపీఐడీ. మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం 1984లో పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ. దేశమంతటి నుంచి పిల్లలు వస్తారు, మనకి సిటీ బస్సు దూరంలో ఉంది, మన విలువ మనకి తెలియదు. 2021లో అక్కడ పుట్టినప్పటి నుంచి ఆరేళ్ల లోపు పిల్లల కోసం ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్ ప్రత్యేకంగా తెరిచారు. చూశారా, మీకు నిజంగా ఆరు నెలలే ఉన్న గడువు ఇది, మీ సెంటర్ వాళ్లు చెప్పింది కాదు. ప్రైవేటుతో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ. నెల ఆదాయం 22,500 దాటని కుటుంబాలకి కేంద్ర పథకం కింద బోధన కిట్ ఉచితంగా వస్తుంది, దాని గురించి అడగండి. అక్కడ రోజూ థెరపీ దొరక్కపోవచ్చు, క్యూ ఉంటుంది. కానీ వాళ్లు తల్లిని లోపల కూర్చోబెట్టి నేర్పిస్తారు, నాకు అక్కడ నేర్పిన స్పెషల్ ఎడ్యుకేటర్‌ని ఇప్పటికీ తలుచుకుంటాను. జిల్లాల్లో ఉన్నవాళ్లు జిల్లా ఆసుపత్రిలో డీఈఐసీ, అంటే పిల్లల ఎదుగుదల లోపాలు చూసే కేంద్రం, ఎక్కడుందో అడగండి, 18 ఏళ్ల లోపు పిల్లలకి ఉచితం. బడి వయసొచ్చాక మండలంలో ఇలాంటి పిల్లల కోసం భవిత కేంద్రం ఉంటుంది. కొన్ని చోట్ల చాలా బాగా నడుస్తాయి, కొన్ని చోట్ల తాళం ఉంటుంది. రెండూ చూశాను. వెళ్లి చూస్తే గానీ తెలియదు.

బడి అన్నాను కాబట్టి ఒక మాట. 40 శాతం, ఆపైన సర్టిఫికెట్ ఉన్న పిల్లలకి 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచితంగా చదువుకునే హక్కు చట్టంలోనే ఉంది. అందరు పిల్లలకీ అది 14తో ఆగుతుంది, మన పిల్లలకి 18 దాకా.

స్టెమ్ సెల్స్ ఎక్కించే చికిత్స గురించి కూడా చివర్లో అడిగారు, ఎవరో పక్కింటావిడ చెప్పిందని. వద్దు. 2022 డిసెంబర్‌లో నేషనల్ మెడికల్ కమిషన్ వైపు నుంచే ఆటిజానికి దాన్ని చికిత్సగా సిఫారసు చేయడం లేదని చెప్పారు. లక్షలు పోస్తారు, ఆ మాట ఎత్తకండి.

ఇప్పుడు బాబు నాన్న డబ్బు. 'వాడి డబ్బు నాకొద్దు' అని రాశారు. అది మీ ఆత్మాభిమానం, అర్థమైంది. కానీ ఆ డబ్బు మీది కాదు, బాబుది. మీరు వద్దనడానికి లేదు. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ అనే పాత చట్టంలో భరణం కోసం ఉన్న 125 సెక్షన్, ఇప్పుడు కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో 144 అయింది. మామూలు పిల్లలకి భరణం మేజర్ అయ్యేదాకానే. శారీరకంగానో, మానసికంగానో లోపం ఉండి తనంతట తాను బతకలేని బిడ్డకి మేజర్ అయ్యాక కూడా తండ్రి ఇవ్వాల్సిందే. 2020లో రజ్నేష్ వర్సెస్ నేహా తీర్పులో సుప్రీంకోర్టు ఇద్దరూ ఆస్తులు, అప్పులు అఫిడవిట్‌గా ఇవ్వాలంది. పిల్లలకి తీవ్రమైన వైకల్యం ఉండి నెలనెలా ఖర్చు అవుతుంటే భరణం లెక్కలో అది చూడాలంది. భరణం దరఖాస్తు వేసిన తేదీ నుంచి లెక్క కట్టాలంది. అంటే మీరు వేయకుండా గడిపిన ప్రతి నెలా బాబు నష్టపోతున్నట్టే. ఆ క్యాలెండర్ వెనక రాసిన లెక్క ఇక్కడ పనికొస్తుంది.

లాయర్‌కి డబ్బెక్కడిది అంటారు. మహిళలకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. 15100కి ఫోన్ చేయండి, లేదా జిల్లా కోర్టులో న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకి వెళ్లండి. వాళ్లు ఇచ్చిన లాయర్ సరిగ్గా రాకపోతే మార్చమని అడగొచ్చు. నేను ఒకసారి మార్పించుకున్నాను. నాకు నెలకి 4,000 వేశారు, అదీ మూడు నెలలకోసారి గొడవపడితే వచ్చేది. అయినా సరే వదల్లేదు.

అప్పుల విషయం క్లుప్తంగా. చేబదులు ముందు తీర్చండి, వాళ్లు వడ్డీ అడగకపోయినా సరే, ఎందుకంటే రేపు నిజంగా అర్ధరాత్రి ఆసుపత్రి అయితే ఇచ్చేది ఆ మనుషులే. గోల్డ్ లోన్‌కి వడ్డీ మాత్రం తప్పకుండా కట్టండి, నోటీసు దాకా రానివ్వకండి, వేలానికి వెళ్తే అమ్మగారి గాజులు కూడా పోతాయి. ఫోన్‌లో వచ్చే లోన్ యాప్‌లు తెరవనే తెరవొద్దు. సెషన్లు తగ్గించగా మిగిలినదాంట్లో నెలకి 2,500 చేబదులుకి పెడితే రెండేళ్లలో తీరుతుంది. నెమ్మదే, కానీ తీరుతుంది.

మీకు ఏమైనా అయితే వాడి గతి ఏంటన్న మాట మీరు రాయలేదు, నిద్రపట్టని రాత్రి అందరం అదే ఆలోచిస్తాం. ప్రస్తుతానికి బ్యాంకులో ఏడాదికి 436 రూపాయల ప్రధానమంత్రి జీవన్ జ్యోతి, 20 రూపాయల ప్రధానమంత్రి సురక్ష, ఆ రెండు బీమాలూ కట్టేయండి. మొదటిది ఎలా పోయినా 2 లక్షలు, రెండోది ప్రమాదమైతే 2 లక్షలు. అప్పు తీరాక టర్మ్ పాలసీ చూద్దురుగాని. నామినీగా మైనర్ బాబు పేరు పెడితే డబ్బు ఎవరి చేతికి రావాలో అపాయింటీ పేరు తప్పకుండా రాయండి. లేకపోతే చట్టప్రకారం గార్డియన్ అంటూ మళ్లీ ఆయనే వస్తాడు. పద్ధెనిమిది నిండాక ఇంకో సంగతి ఉంది, కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీలో గార్డియన్‌షిప్ తీసుకోవాలి. మా వాడికి తీసుకున్నాను. అది మీకింకా పన్నెండేళ్ల తర్వాత మాట.

చదువుతున్న మిగతా తల్లులకి ఒకటి. ఆదాయం మరీ తక్కువైతే, ఏడాదికి పల్లెల్లో 72,000, పట్టణాల్లో 96,000 లోపు ఉంటే, భర్త చనిపోయిన, వదిలేసిన తల్లుల పిల్లలకి మిషన్ వాత్సల్య కింద నెలకి 4,000 స్పాన్సర్‌షిప్ ఉంది. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో అడగాలి. ఉప్పల్ అమ్మాయికి ఇది రాదు.

అన్నయ్యకి ఏం చెప్పాలని అడిగారు. ఆ అయిదు వేలు ఇంకో ఏడాది పంపమనండి, ఉద్యోగం మానితే ఆయన మీద పడే ఖర్చు ఎంతో క్యాలెండర్ చూపించండి. అంకెలు చూస్తే మగవాళ్లు తొందరగా ఒప్పుకుంటారు, మా తమ్ముడూ అంతే.

మంగళవారం వీక్లీ ఆఫ్ అన్నారు కదా. ఆ రోజే మనోవికాస్ నగర్ వెళ్లండి, పొద్దున్నే, ఎనిమిదింటికల్లా బయల్దేరండి. ఉప్పల్ నుంచి సికింద్రాబాద్, అక్కడ బస్సు మారాలి. మీకు మహాలక్ష్మి పథకంలో బస్సు ఉచితం, ఆధార్ పెట్టుకోండి. బాబుకి అయిదు దాటింది కాబట్టి అరటికెట్. పాత రిపోర్టులన్నీ రెండు సెట్లు జిరాక్స్ తీసుకెళ్లండి, ఒకటి వాళ్లు ఉంచుకుంటారు. ఆదాయం సర్టిఫికెట్ లేకపోతే సోమవారమే మీసేవలో పెట్టండి. వాడు తినే బిస్కెట్లు రెండు ప్యాకెట్లు, నీళ్లు, మార్చడానికి ఒక జత బట్టలు. వెయిటింగ్‌లో వాడు అరిస్తే భయపడకండి, అక్కడ ఎవరూ వెనక్కి తిరిగి చూడరు. వచ్చాక వాళ్లు ఏమన్నారో రాయండి, సర్టిఫికెట్ దరఖాస్తు దగ్గర ఆగిపోతే నేను చూస్తాను.